మైదానములో చోటు: జైపాల్ సింగ్ ముండా జీవితము
ప్రపంచ క్రీడోత్సవములలో ఏ ఆటకు చోటుండవలెను, ఏ జనులకు చోటుండవలెను అను ప్రశ్న నేటిది కాదు. 1924లో పారిస్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు హాకీకి అందు స్థానము దొరకలేదు. దేశదేశముల హాకీని ఒక కట్టుబాటులో నడిపించు సంస్థ ఏదియు అంతవరకు లేకపోవుటయే అందుకు కారణము. ఆ కొరత తీర్చుటకు అదే సంవత్సరము జనవరిలో పారిస్‌లోనే అంతర్జాతీయ హాకీ సమాఖ్య స్థాపింపబడెను. 1925లో గ్వాలియరున భారత హాకీ సమాఖ్య ఏర్పడెను. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో హాకీ తిరిగి ప్రవేశించినప్పుడు, ఇంకను పరుల యేలుబడిలోనున్న భారతదేశము తన జట్టును పంపెను. ఆ జట్టునకు నాయకుడు ఒక ఆదివాసి యువకుడు. ఆయనయే జైపాల్ సింగ్ ముండా.

ఆయన 1903 జనవరి 3న రాంచీ జిల్లా ఖూంటీ ప్రాంతమందలి టక్రా గ్రామములో, ముండా తెగవారి యింట జన్మించెను. ఆ ప్రాంతము ఇప్పుడు జార్ఖండ్ రాష్ట్రములోనున్నది. చిన్ననాట పశువులు మేపిన ఆ బాలుడు రాంచీలో ఆంగ్లికన్ మిషనువారి సెయింట్ పాల్స్ పాఠశాలలో చేరెను. చదువులోను హాకీ ఆటలోను అతడు చూపిన నేర్పు ప్రధానోపాధ్యాయుడైన కెనన్ కాస్‌గ్రేవ్ దొరగారిని ఆకర్షించెను. ఆయన 1918లో అతనిని ఇంగ్లండునకు తీసికొనిపోయెను. కాంటర్‌బరీలోని సెయింట్ అగస్టీన్ కళాశాలలో కొంతకాలము చదివిన పిమ్మట జైపాల్ సింగ్ ఆక్స్‌ఫర్డులోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరి, అర్థశాస్త్రములో పట్టము పొందెను. ఆక్స్‌ఫర్డు హాకీ జట్టులో ఆడి, విశ్వవిద్యాలయము తన ఉత్తమ క్రీడాకారులకిచ్చు 'బ్లూ' గౌరవమును సంపాదించెను.

తరువాత ఆయన ఇండియన్ సివిల్ సర్వీసునకు ఎన్నికై ఇంగ్లండులోనే శిక్షణ పొందుచుండెను. ఆనాటి భారతీయ యువకునికి అంతకు మించిన ఉద్యోగము లేదు. ఆ సమయమందే ఒలింపిక్ జట్టునకు నాయకత్వము వహించుమని ఆయనకు పిలుపు వచ్చెను. సెలవు కోరగా ఇండియా కార్యాలయమువారు నిరాకరించిరి. ఉద్యోగమా, మైదానమా అని నిర్ణయింపవలసి వచ్చెను. ఆయన సెలవు లేకయే ఆమ్‌స్టర్‌డామ్‌నకు బయలుదేరెను.

ఆ జట్టు ఆనాటి భారతదేశమువలె అనేక వర్ణముల కలయిక. ఆంగ్లో ఇండియనులు, హిందువులు, ముసల్మానులు, సిక్కులు అందుండిరి. సైన్యములో సిపాయిగానున్న ధ్యాన్‌చంద్ అందులో ముందువరుస ఆటగాడు. భారత జట్టు ఆస్ట్రియాను 6–0, బెల్జియమును 9–0, డెన్మార్కును 5–0, స్విట్జర్లాండును 6–0 గోల్సుతో ఓడించెను. మే 26న జరిగిన అంతిమ పోటీలో హాలెండును 3–0తో గెలిచి స్వర్ణపతకము పొందెను. మొత్తము 29 గోల్సు చేసి, ఒక్క గోలైనను ఇవ్వలేదు. 1920లో స్వర్ణము గెలిచిన బ్రిటన్ ఆ యేడు పోటీకి రాలేదు. అయితే జట్టులో కలిగిన కలతలవలన జైపాల్ సింగ్ ఆ అంతిమ పోటీలో ఆడలేదు. పిన్నిగర్ ఆనాడు జట్టును నడిపించెను. నాయకుడు లేకున్నను జట్టు నిలిచెను.

లండనునకు తిరిగి వచ్చిన తరువాత శిక్షణను ఇంకను సాగింపవలెనని అధికారులు విధించగా, ఆయన ఆ ఉద్యోగమును విడిచిపెట్టెను. పిమ్మట ఒక నూనె కంపెనీలో పనిచేసెను. ఆఫ్రికాలోని గోల్డ్ కోస్టులో అచిమోటా కళాశాలలోను, రాయపూరులో రాజకుమార కళాశాలలోను బోధించెను. ఇన్ని చోట్ల గౌరవము పొందినను, స్వజనులు భూములు పోగొట్టుకొని, అప్పులలో మునిగి, తమ గోడు వినువారు లేక యుండుట ఆయనను నెమ్మదిగా నుండనీయలేదు. 1939లో ఆయన ఆదివాసి మహాసభకు అధ్యక్షుడాయెను.

1946లో ఆయన రాజ్యాంగ సభలో సభ్యుడాయెను. ఆ సంవత్సరము డిసెంబరు 19న అక్కడ ప్రసంగించుచు, ఆదివాసులకు ప్రజాస్వామ్యమును ఎవరును నేర్పనక్కరలేదనియు, వారియొద్దనే ఇతరులు నేర్చుకొనవలెననియు వినిపించెను. ఆ సభలో పురుషులే మిక్కుటముగా నున్నారనియు, ఆదివాసి స్త్రీలకును చోటుండవలెననియు జ్ఞాపకము చేసెను. హాకీ మైదానములో తాను పొందిన స్థానమును దేశపాలనలో తన జనులకు అడిగెను.

ఆయన చేసినవన్నియు ఫలింపలేదు. ఆయన స్థాపించిన జార్ఖండ్ పార్టీ 1952లో బీహారు శాసనసభలో 32 స్థానములు గెలిచెను. అయినను ప్రత్యేక రాష్ట్రపు కోరికను రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘము 1955లో అంగీకరింపలేదు. 1963లో ఆయన తన పార్టీని కాంగ్రెసులో కలిపివేయగా అనుచరులనేకులు మిగుల నొచ్చుకొనిరి. 1970 మార్చి 20న ఆయన మరణించెను. కోరిన రాష్ట్రము 2000 నవంబరు 15న ఏర్పడెను. ఆయన దానిని చూడలేదు. ఛోటా నాగపూరు అడవి పల్లెలు మాత్రము హాకీని విడువలేదు. ఆ నేలనుండి వచ్చిన సిల్వానస్ డుంగ్‌డుంగ్ 1980లో మాస్కోలో స్వర్ణపతకము గెలిచిన జట్టులో ఆడెను. ఆ యేటనే స్త్రీల హాకీకి ఒలింపిక్స్‌లో మొదటిసారి స్థానము కలిగెను. 2016లో ఖూంటీ జిల్లా ఆడబిడ్డ నిక్కీ ప్రధాన్ రియో ఒలింపిక్స్‌లో భారతదేశము పక్షమున ఆడెను.

ఎవరు తగినవారని నిర్ణయించు బల్లయొద్ద కూర్చుండువారు ఎల్లప్పుడును కొద్దిమందియే. ఆ బల్లయొద్ద చోటు దొరికినవాడు దానిని తనకే ఉంచుకొనవచ్చును. లేదా వెలుపల నిలిచియున్న వారికొరకు తలుపు తెరిచి పట్టుకొనవచ్చును. లోపములున్నను జైపాల్ సింగ్ ఈ రెండవ దానినే కోరుకొనెను. మన సంఘములలోను పాఠశాలలలోను వెలుపల నిలిచియున్న పిల్లలు ఎవరని చూచుట ఆయన జీవితము మనకు అప్పగించు పని.