మన్యం నుండి అండమానుకు - గాం మల్లు దొర

సెల్యులార్ జైలు చూడటానికి వచ్చే మనవాళ్ళు సావర్కర్ గది చూసి, సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో చూసి వెళ్ళిపోతారు. విశాఖ మన్యం నుండి యావజ్జీవ శిక్ష మీద ఈ దీవులకు వచ్చిన గాం మల్లు దొర గురించి అడిగేవాళ్ళు తక్కువ. అల్లూరి సీతారామరాజు పేరు తెలియని తెలుగువాడుండడు. ఆయనకు అండగా నిలిచిన అన్నదమ్ములు గంటం దొర, మల్లు దొర సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

గొడవంతా పన్నుల దగ్గరే మొదలయింది. 1879లోనే రంపలో కల్లు మీద పన్ను వేసినందుకు పెద్ద తిరుగుబాటు జరిగింది. మన్యంలో జీలుగు కల్లు సరదా కోసం కాదు, తిండి దొరకని నెలల్లో అదే ఆధారం. ఎక్కడో మద్రాసులో కూర్చున్న సర్కారుకి ఇదేం తెలుస్తుంది? 1882లో అడవి చట్టం తెచ్చింది. ఇక పోడు కొడితే నేరం, పశువుల్ని అడవిలోకి తోలితే పుల్లరి. అది చాలదన్నట్టు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, రోడ్డు పనికి జనాన్ని బలవంతంగా తోలి కూలి కూడా సరిగా ఇవ్వలేదు. బట్టిపనుకుల మునసబుగా ఉన్న గంటం దొరకు ఆ ఉద్యోగమూ పోయింది. అన్నదమ్ములిద్దరూ రాజుగారితో కలిశారు.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. మొత్తం 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు దొరికాయి. పట్టుకెళ్ళిన ఆయుధాల లెక్క స్టేషన్ రికార్డులో రాసి మరీ వెళ్ళారు. యూనిట్లో స్టోర్సు లెక్కలు చూసిన మాలాంటి వాళ్ళకు ఇది చదివితే నవ్వూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో పొంచి ఉండి, ముందు నడిచే మన సిపాయిల్ని పోనిచ్చి, వెనక వస్తున్న ఇంగ్లీషు అధికారులు కవర్డ్, హైటర్‌లను కాల్చారు. తర్వాత మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగారు.

1923 సెప్టెంబరులో మల్లు దొర పట్టుబడ్డారు. మొదట ఉరిశిక్ష వేసి, తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చి అండమాను పంపారు. ఆయన ఖైదులో ఉండగానే 1924 మే 7న రాజుగారిని కాల్చి చంపారు. అన్న గంటం దొర కూడా ఆ ఏడాదే పోయాడు.

మల్లు దొర మాత్రం బతికి సొంత గడ్డకు చేరారు. 1952లో జరిగిన మొదటి ఎన్నికల్లో ఏ పార్టీ టికెట్టూ లేకుండా విశాఖపట్నం నుండి గెలిచి లోక్‌సభకు వెళ్ళారు. అప్పుడది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఆయనతోపాటు గెలిచిన రెండోవారు లంకా సుందరం గారు.