పగిలిన కుండతో మొదలైన అనాథాశ్రమం

1897 వేసవి. బెంగాలులోని ముర్షిదాబాదు జిల్లాలో కరవు తాండవిస్తోంది. కాలినడకన పల్లెలు దాటిపోతున్న ఒక యువ సన్యాసికి దారిలో ఒక ముస్లిం బాలిక ఏడుస్తూ కనిపించింది. నీళ్ల కుండ చేజారి పగిలిపోయింది. ఇంకో కుండ కొనడానికి ఇంట్లో డబ్బు లేదు. ఉత్తచేతులతో ఇంటికి వెళితే తల్లి కొడుతుంది. సన్యాసి దగ్గరున్నవి నాలుగణాలు. అందులోంచే ఆ పిల్లకు కుండ కొనిచ్చి, ఇన్ని అటుకులూ పెట్టించారు. అంతలోనే ఆకలితో నకనకలాడుతున్న పిల్లలు పది పన్నెండుమంది ఆయన చుట్టూ మూగారు. మిగిలిన డబ్బులూ అక్కడే అయిపోయాయి.

ఆ సన్యాసి స్వామి అఖండానంద. రామకృష్ణ పరమహంస శిష్యుడు, వివేకానందునికి గురుసోదరుడు. 1864లో కలకత్తాలో జన్మించారు. పూర్వాశ్రమంలో పేరు గంగాధర్. పాతికేళ్లు నిండకముందే హిమాలయాలు దాటి టిబెట్టు చూసి వచ్చిన మనిషి. ఆ తర్వాత రాజస్థాన్, గుజరాత్ ప్రాంతాల్లో తిరుగుతూ, రాజుల కోటల పక్కనే పూటకు గతిలేని కుటుంబాలను చూశారు. ఖేత్రీ సంస్థానంలో ఇల్లిల్లూ తిరిగి పిల్లలను బడిలో చేర్పించారు. ముక్కు మూసుకుని తపస్సు చేసుకోవలసిన సన్యాసికి ఈ పనులేమిటని అనేవాళ్లు లేకపోలేదు. అమెరికాలో ఉన్న వివేకానందునికి ఉత్తరం రాస్తే, చేయమనే జవాబు వచ్చింది.

ఆ ఏడాది కరవు ఒక్క బెంగాలుకే పరిమితం కాలేదు. మన అనంతపురం, కర్నూలు, కడప సీమలు కూడా అప్పుడు అలమటించాయి. ముర్షిదాబాదు పల్లెల్లో బిడ్డల దురవస్థ చూశాక అఖండానందకు ముందుకు అడుగు పడలేదు. మహులా అనే ఊళ్లో ఆగిపోయి మఠానికి కబురు పంపారు. సాయంగా ఇద్దరు యువ సాధువులు వచ్చారు. మే 15న బియ్యం పంచడం మొదలైంది. రామకృష్ణ మిషన్ స్థాపించి అప్పటికి రెండు వారాలే. మిషన్ పద్ధతిగా చేపట్టిన మొదటి కరవు సహాయం ఇదే.

కరవు ఎప్పటికైనా తగ్గుతుంది. సాయం చేయవచ్చిన కుర్రవాళ్లు తమ దారిన తాము వెళ్లవచ్చు. అందులో తప్పు లేదు. మరి తల్లీ తండ్రీ పోయిన పిల్లలు ఎక్కడికి వెళ్లాలి? ఈ ప్రశ్నే అఖండానందను ఆ జిల్లాలో కట్టిపడేసింది. ఇద్దరు ముగ్గురు అనాథలను చేరదీసి ఆశ్రమం మొదలుపెట్టారు. చేతిలో పైసా నిలవ లేదు, సొంత ఇల్లు లేదు. ముస్లిం పిల్లలను చేర్చుకోవచ్చునా అన్న ప్రశ్న వస్తే, తప్పక చేర్చుకోవాలని, వాళ్ల మతం జోలికి మాత్రం పోరాదని వివేకానందుడు స్పష్టంగా రాశారు.

కొంతకాలానికి దగ్గరలోని శివనగర్‌లో ఒక జమీందారిణి ఇల్లు ఇచ్చారు. అక్కడ చదువుతో పాటు నేత, కుట్టు, వడ్రంగం నేర్పారు. పెరిగి పెద్దయ్యాక పిల్లవాడు ఎవరి ముందూ చేయి చాచకూడదన్నదే వారి పట్టుదల. ఈ రోజుల్లో వృత్తివిద్య అని మనం గొప్పగా చెప్పుకునేది అదే కదా. 1913లో సారగాచ్ఛిలో సొంత భూమి సంపాదించి ఆశ్రమాన్ని అక్కడికి మార్చారు. చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఆయనను దండీబాబా అని పిలుచుకునేవారు.

1934లో బీహారులో పెద్ద భూకంపం వచ్చింది. డెబ్బై ఏళ్లు దగ్గరపడుతున్నా బాధితులను చూడడానికి స్వయంగా బయలుదేరారు. ఆ సంవత్సరమే రామకృష్ణ మఠం, మిషన్‌లకు అధ్యక్షులయ్యారు. అధ్యక్ష పదవి వచ్చింది గనుక ఇక బేలూరులో ఉంటారని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం వీలైనంతకాలం సారగాచ్ఛినే అంటిపెట్టుకుని ఉన్నారు. 1937 ఫిబ్రవరి 7న బేలూరు మఠంలో కన్నుమూశారు. నాలుగణాలు చేతబట్టుకుని ఆ జిల్లాలో నడిచిన నాటికి, ఈ నాటికి మధ్య నలభై ఏళ్లు. సారగాచ్ఛి ఆశ్రమం ఇప్పటికీ నడుస్తూనే ఉంది.