కీర్తిశేషులు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు: వారి ధనవివేకము

లక్డీకాపూలు అనగా కట్టెవంతెన. ఆ కట్టెవంతెన పోయి చిరకాలమైనను పేరు నిలిచియున్నది. ఆ కూడలికి సమీపమున, సైఫాబాదులో, 2020వ సంవత్సరము వఱకు ఆంధ్రా బ్యాంకు ప్రధాన కార్యాలయముండెడిది. ఆ సౌధమునకు డాక్టరు పట్టాభి భవనమని నామకరణము చేసియుండిరి. ఆ పట్టాభిగారిని కాంగ్రెసు చరిత్రకారులుగా నెల్లరు నెఱుగుదురు. ధనము విషయమున వారు చేసిన పని నెఱిగినవారు కొలదిమంది మాత్రమే. మన సంఘమున నాలుగు డబ్బులు కూడబెట్టుకొన్న గృహస్థులకును, మొదటి జీతము నందుకొనుచున్న యువకులకును ఆ పనియే ముఖ్యముగ దెలియవలసినదని తలచి, వారి జీవితము నా వైపునుండి వ్రాయబూనితిని.

పట్టాభిగారు 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన, నేటి ఏలూరు ప్రాంతములోని గుండుగొలను గ్రామమున జన్మించిరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ. ముగించి, పిమ్మట ఎం.బి.సి.ఎం. పట్టమును బడసి, మచిలీపట్టణమున వైద్యవృత్తి నారంభించిరి. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు వారికి సహచరులు. ఆంధ్ర జాతీయ కళాశాల యీ మువ్వురి పరిశ్రమ ఫలము.

ఇంచుమించుగ నా కాలముననే మదరాసులో నొక యుపద్రవము సంభవించెను. 1906 అక్టోబరు 22వ తేదీన ఆర్బత్‌నాటు కంపెనీ దివాలా తీసెను. అది దొరల కంపెనీ, పేరు గొప్పది, ఇచ్చెడు వడ్డీ యాకర్షణీయమైనది. ఉద్యోగులు, పింఛనుదారులు, వితంతువులు తమ సర్వస్వమును నచ్చట దాచుకొనియుండిరి. లండనులోని భాగస్వామి సట్టా బేరములలో ధనమును బోగొట్టి తుదకు ప్రాణములే తీసికొనెను. సర్ జార్జి ఆర్బత్‌నాటునకు 18 మాసముల కారాగారము విధింపబడెను. దాచుకొన్నవారి కన్నీరు దానితో నాఱలేదు. ఈ విపత్తు నుండియే 1907లో వి. కృష్ణస్వామయ్యరు ప్రభృతుల పూనికతో ఇండియన్ బ్యాంకు పుట్టెను.

అయితే స్వదేశీయ మనుపేరొక్కటియే కవచము కాదని 1913లో తేలిపోయెను. పంజాబులో పీపుల్సు బ్యాంకును, బొంబాయిలో వెండి సట్టాకు దిగిన ఇండియన్ స్పీసీ బ్యాంకును ఆ యేటనే మూతపడెను. కావున దోషము తెల్లవారిదనియో, నల్లవారిదనియో చెప్పరాదు. అడిగిన క్షణమున దిరిగి యీయవలసిన పరుల సొమ్మును, ఎన్నడు వచ్చునో తెలియని బేరములలో బెట్టుటయే దోషము.

భాస్కరాచార్యుల లీలావతిలో వడ్డీలెక్కలకు మూలధనము, కాలము, ఫలము అనునవి యంగములు. బడిపిల్లలు తఱచుగ దప్పునది కాలము కడనే. పెద్దలును అంతే! ఎంత వచ్చునని యడుగుదురేకాని యెన్నటికి వచ్చునని యడుగరు. పట్టాభిగారు స్థాపించిన సంస్థలను వరుసగ జూచినచో, వానిలో నొక్కొక్కదానికి నొక్కొక్క కాలప్రమాణము గలదని నాకు దోచుచున్నది. వారు దీని నిట్లే సంకల్పించిరని నేను జెప్పజాలను, ఫలితము మాత్రమట్లున్నది.

1915లో కృష్ణాజిల్లా సహకార కేంద్రబ్యాంకు వెలసినది. రైతునకు విత్తనములకును కూలికిని గావలసిన సొమ్ము నాటునాడు పుచ్చుకొని నూర్చునాడు తీర్చునది. దాని కాలమొక పంట. ఆ మఱుసటి యేడే, అనగా 1916లో, పట్టాభిగారు చక్కగ సాగుచున్న వైద్యవృత్తిని విడిచి దేశసేవకు దిగిరి. 1923 నవంబరు 20వ తేదీన ఆంధ్రా బ్యాంకు రిజిష్టరై, 28వ తేదీన మచిలీపట్టణమున వ్యాపార మారంభించెను. అధికృత మూలధనము 10 లక్షల రూపాయలు. చెల్లించబడినది ఒక లక్ష. వర్తకుని సరకు కొనుగోలుకు గొన్ని మాసములు చాలును. డిపాజిటుదారుడో రేపే వచ్చి యడుగవచ్చును. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ. దాని గడువు మనుష్యాయుర్దాయము. 1927లో భూమి తనఖా బ్యాంకు; పొలము మీది పాతబాకీని బహువత్సరముల వాయిదాలతో దీర్చుకొనుటకు. 1929లో భారతలక్ష్మి బ్యాంకు, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు వెలసినవి.

ఇందు గమనింపదగిన విశేష మేమనగా, పంటకై యిచ్చు ధనమును భూమి తనఖాలో బంధింపలేదు. వృద్ధాప్యమున కుద్దేశించిన ధనమును వర్తకపు టప్పులతో గలుపలేదు. ఒక గృహస్థు తన యింట నీ విభాగమును జేసికొనజాలడా? ఆఱుమాసముల వ్యయమునకు జాలు సొమ్ము చేతికందునట్టి చోటనుండవలెను. సర్వమును భూమిలో బెట్టినవాడు జబ్బు చేసిననాడు సగము వెలకు దెగనమ్ముకొనును. సర్వమును చేతినిండ నుంచుకొన్నవానిని ధరల పెరుగుదల తినివేయును. నూటికి 6 చొప్పున చక్రవృద్ధినిడిన ధనము సుమారు 12 ఏండ్లకు రెట్టింపు, 24 ఏండ్లకు నాలుగింతలు, 36 ఏండ్లకు ఎనిమిదింతలగును. కాని ధరలును నూటికి 5 చొప్పున బెరిగినచో నిజముగ మిగులునది స్వల్పమే. అందుచే దీర్ఘకాలము కదల్పనక్కఱలేని భాగమును మంచి కంపెనీల వాటాలలో నుంచుట తప్పుగాదు. ఆ లక్ష రూపాయలు చెల్లించినవారు వాటాదారులే కదా! నష్టము తమదేయని యొప్పుకొని వారు ముందు నిలిచిరి గనుకనే డిపాజిటుదారునకు ధైర్యము కలిగెను.

నేడు మన పిల్లలలో గొందఱు చేతిలోని ఫోనుమీదనే వాటాల వాయిదా బేరములాడుచు, ఉదయము పెట్టి సాయంకాలమునకు లాభము తీయజూచుచున్నారు. సెబీవారు 2024 సెప్టెంబరులో వెల్లడించిన లెక్క చూడుడు: అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరములలో నిట్టి బేరములాడిన కోటికి పైబడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి; సగటున తలకు సుమారు 2 లక్షల రూపాయలు. ఆర్బత్‌నాటునాడు వేఱొకడు మన సొమ్ముతో జూదమాడెను. ఇప్పుడు మనమే యాడుచున్నాము.

1938లో తిరువాంకూరు నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు కూలినప్పుడు దక్షిణదేశమంతట భీతి వ్యాపించెను. ఆంధ్రా బ్యాంకు నిలిచెను. పట్టాభిగారు 1930 మొదలు పలుమాఱులు చెఱసాలకు బోయిరి. 1942 నుండి దాదాపు మూడేండ్లు అహమదునగరు కోటలో నిర్బంధమున నుండిరి. ఆ కాలములయందును బ్యాంకు తలుపులు తెఱచుచునే యుండెను. స్థాపకుడు కంటికి గనబడకున్నను సాగునట్టి సంస్థను నిర్మించుట సామాన్యము గాదు. 1939లో కాంగ్రెసు అధ్యక్షతకై సుభాసు చంద్రబోసుగారితో బోటీపడి యోడినవారు 1948లో జయపురమున నా పీఠము నధిష్ఠించిరి. 1952 మొదలు 1957 వఱకు మధ్యప్రదేశమునకు గవర్నరులుగ నుండి, 1959 డిసెంబరు 17వ తేదీన పరమపదించిరి.

వారి సంస్థల గతిని గూడ జెప్పవలెను. జీవితబీమా 1956లో జాతీయమై ఎల్.ఐ.సి.లో గలిసెను. భారతలక్ష్మి బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకున జేరెను. ఆంధ్రా బ్యాంకు 1980 ఏప్రిలు 15వ తేదీన జాతీయమై, 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియన్ బ్యాంకులో విలీనమయ్యెను. డిపాజిటుదారుని పాసుపుస్తకములోని నిలువ యథాతథముగ నుండెను. వాటాదారునకు వేయి వాటాలకు 325 యూనియన్ బ్యాంకు వాటాలు లభించెను.