రూజ్వెల్టు పట్టుదల

కళింగపట్నమున వంశధార సముద్రమున కలియుచోట ఈదిన బాలురకు ఒక విషయము తెలిసియుండును. నీటిలో దేహము తేలికయగును. ఈ చిన్న సత్యమే ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు జీవితమున ఆశాదీపమైనది.

ఆయన 1882లో అమెరికాలో సంపన్న కుటుంబమున జన్మించెను. ఈతయన్నను, ఓడ నడుపుటయన్నను ఆయనకు మిక్కిలి ప్రీతి. 1921 ఆగస్టులో, 39వ యేట, జ్వరము సోకి కొలది దినములలోనే రెండు కాళ్లును చచ్చుపడెను. వైద్యులు అది పోలియో యని నిర్ణయించిరి.

1924లో ఆయన జార్జియా రాష్ట్రములోని వార్మ్ స్ప్రింగ్స్ అను పల్లెకు పోయెను. అచ్చటి ఊటనీరు సహజముగనే గోరువెచ్చనిది. ఆ నీరు దేహభారమును మోయగా, నేలపై కదలని కాళ్లు కొంత కదలసాగెను. ఆయన 1926లో తన ధనములో పెద్దభాగము వెచ్చించి ఆ స్థలమును కొనెను. మరుసటి యేట రోగులకై ఒక సంస్థ నెలకొల్పెను. తానును వారితో నీట దిగి వ్యాయామము నేర్పుచుండెను.

ఆయన కాళ్లు పూర్తిగా బాగుపడలేదు. ఉక్కుపట్టీలు లేనిదే నిలువలేకపోయెను. అయినను నాలుగుమారులు దేశాధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. 1945 ఏప్రిల్ 12న వార్మ్ స్ప్రింగ్స్‌లోనే కన్నుమూసెను. సరిగా పదేండ్లకు, అదే తేదీన, పోలియో టీకా ఫలించినదని శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

మెదడు దెబ్బతిని కండరములు బిగుసుకొనిన వారిచేతను నేడు వైద్యులు గోరువెచ్చని నీటిలో వ్యాయామము చేయించుచున్నారు. వెచ్చదనము బిగువును సడలించును. నీరు బరువును మోయును. శ్రమ మాత్రము రోగిదే. ఆ శ్రమకు వెనుదీయని రూజ్వెల్టు తన బాధలోనే పరుల బాధను గుర్తించి, వారికి దారి చూపెను.