విజ్ఞానచంద్రిక వెలిగించిన లక్ష్మణరావు

రసాయనశాస్త్రము చదువగోరు తెలుగువాడు ముందుగా ఇంగ్లీషు నేర్వక తప్పని కాలమొకటి యుండెను. ఆ భాష రానివారికి ప్రకృతి రహస్యములన్నియు మూసిన తలుపులే. ఆ తలుపులు తెరచుటకై జీవితమును ధారపోసినవారు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు.

ఆయన 1877 మే 18న అప్పటి కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలులో జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. అక్క బండారు అచ్చమాంబ ఆదరమున నాగపురములో విద్యాభ్యాసము సాగెను. తమ్మునితోపాటు చదువు నేర్చి ఆమెయు రచయిత్రి యయ్యెను. మరాఠీ పత్రికలకు వ్యాసములు వ్రాయగల పాండిత్యము లక్ష్మణరావునకు అచటనే అబ్బెను. 1902లో ఎం.ఏ. పట్టము పొందిన పిదప ఆయన మునగాల సంస్థానమున దివానుగా పనిచేసిరి.

పదవి జీవనోపాధి మాత్రమే, ప్రాణము పుస్తకములందుండెను. 1906లో రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు మున్నగు మిత్రులతో కలిసి హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రము, వేమూరి విశ్వనాథశర్మ రసాయనశాస్త్రము, మంత్రిప్రగడ సాంబశివరావు పదార్థవిజ్ఞానశాస్త్రము ఈ మండలి గ్రంథములే. నూతన శాస్త్రములకు తెలుగున మాటలు లేవు. మాట కుదిరినను అర్థము పామరునకు అందవలెను. ఈ రెండు చిక్కులను విప్పుచు సాగిన పని అది.

అంతటితో ఆయనకు తృప్తి కలుగలేదు. సమస్త విజ్ఞానమును అకారాదిగా కూర్చి ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును వెలువరింప సంకల్పించిరి. ఇతర దేశములందు పండితబృందములు పూనుకొను కార్యమిది. ఆయన సంపాదకత్వము వహించుటయే గాక పెక్కు వ్యాసములు స్వయముగా వ్రాసిరి. ధనము చాలలేదు, ఉబ్బసవ్యాధి విడువలేదు. మూడు సంపుటములు వెలువడినను అకారము దాటలేదు. 1923 జూలై 12న, నలువదియారవయేట, మద్రాసులో ఆయన కన్నుమూసిరి.

1930లలో కాశీనాథుని నాగేశ్వరరావు ఆ కార్యమును తిరిగి చేపట్టిరి. తరువాతి తరముల వారు మఱికొన్ని విజ్ఞానసర్వస్వములను నిర్మించిరి. విజ్ఞానశాస్త్రములు దినదినము పెరుగునవి. వాటిని తెలుగున చెప్పు పని ఏ ఒక్కరి చేతను ముగియునది కాదు. లక్ష్మణరావు మొదటి అక్షరము దిద్దిరి. మిగిలిన అక్షరమాల నేడు బడిలో పాఠము చెప్పువారిది, వినువారిది.