పాగోలు వెంకయ్యగారు

నందిగామ, జగ్గయ్యపేటల మెట్టసీమలో రాఘవాపురమను పల్లె గలదు. ఆ పల్లెవారైన పాగోలు వెంకయ్యగారి చరిత్రము మన విద్యార్థు లెల్లరు నెఱుగదగినదని తలంచి, మేమిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వెంకయ్యగారు మాలకులస్థులు. ఆ కాలమున నా కులమువారికి గుడితలుపును బడితలుపును గూడ మూయబడియే యుండెను. యౌవనమున నీయన యొక దొంగలగుంపునకు నాయకుడయ్యెను. ధైర్యమును, పదిమందిని దనవెంట నడుపు నేర్పును ఈయనకు సహజగుణములు. కాని యవి పరులసొత్తు హరించుటకే యక్కఱకు వచ్చెను.

అట్టివానికి దేవుని గూర్చిన చింత పుట్టెను. ఱాతిబొమ్మలలో సత్యము లేదని తోచినది మొదలు వాని పూజ మానెను. తా నెఱుగని యా దేవుని, నీ వెవడవో, యెచట నున్నావో నాకు గనబడుమని కొన్ని యేండ్లు ప్రార్థించుచుండెను. చదువు చెప్పినవారు లేరు, బోధకుడు లేడు. హృదయ మొక్కటియే ప్రశ్నించుచుండెను.

1859వ సంవత్సరమున గృష్ణాతీరమున జరుగు నుత్సవమునకై యీయన బెజవాడకు బోయెను. అచట నొక బ్రాహ్మణుడు చర్చి మిషనరీ సొసైటీవారి డార్లింగుదొరగారి కడకు వెళ్లుమని చెప్పెను. దొరగారు క్రీస్తును గూర్చి చెప్పగా, తాను వెదకుచున్న దేవుడీయనయే యని వెంకయ్యగారు గుర్తించి, బోధకుని దమ పల్లెకు రమ్మని వేడుకొనిరి. పిమ్మట దమవారితో గూడ బాప్తిస్మము పొందిరి. నాటినుండి జీతము గోరక పల్లెపల్లెకు దిరిగి సువార్త చెప్పిరి. 1841లో బందరున మొదలైన యా సొసైటీవారి పని, ఈయన మూలమున మెట్టపల్లెల మాలవాడలలో వ్యాపించెను. 1912లో నేర్పడిన దోర్నకల్లు అధ్యక్షమండలమునకు నీ పల్లెసంఘములును పునాదులే.

ఇందు మేము గమనించిన విశేష మొకటి గలదు. రక్షకభటుని భయముచే దొంగ దాగునే కాని మాఱడు. మెట్టచేలలోని తుంగను పైపైన గోసినచో మఱునాడే మొలచును. గడ్డతో బెఱికిననే చేను బాగుపడును. శోధనయు నట్టిదే. పరీక్షశాలలో ప్రక్కవాని కాగితము జూడగోరు బాలుడు, ఉపాధ్యాయుని కన్నునకు వెఱచి తల వంచుకొనవచ్చును. కాని యా కోరిక హృదయమందే నిలిచియుండును. వెంకయ్యగారి హృదయమే మాఱెను. ధైర్యమును నాయకత్వమును ఆయనను వీడలేదు. అవి యొకప్పుడు జనులను భయపెట్టినవి, పిమ్మట వారిని దేవునికడకు నడపినవి. దేవుడు మన గుణములను దీసివేయడు, త్రిప్పును. మన హృదయములను గూడ నట్లే త్రిప్పుమని మనము ప్రతిదినము వేడుకొందముగాక.