భయాన్ని తూచి చూసినవాడు – ఎడ్గార్ అలన్ పో

భయపెట్టే కథల పుస్తకం చేతిలో కనబడితే చాలు, మన పెద్దలు పెదవి విరుస్తారు. పనికొచ్చేది చదువుకోరాదా అంటారు. మన అలంకారికులు మాత్రం భయానకాన్ని నవరసాల్లో చేర్చి, శృంగారం పక్కన, వీరం పక్కన దానికీ ఒక పీట వేశారు. ఆ రసాన్ని కథల్లో పండించడమే కాక, అలాంటి కథను ఎలా చదవాలో, ఎలా తూచాలో కూడా చెప్పిన రచయిత ఎడ్గార్ అలన్ పో. సైన్సు విద్యార్థినైన నాకు అతని రెండో పని మరీ నచ్చింది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పో 1809 జనవరి 19న అమెరికాలోని బోస్టన్ నగరంలో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ నాటకాల్లో వేషాలు కట్టి బతికినవాళ్లే. తండ్రి ఇల్లు విడిచి పోయాడు. 1811 డిసెంబరులో తల్లి రిచ్‌మండ్ పట్టణంలో కన్నుమూసింది. అప్పటికి పిల్లవాడికి మూడేళ్లయినా నిండలేదు. ఆ ఊరి వర్తకుడు జాన్ అలన్ దంపతులు తెచ్చి పెంచుకున్నారు గాని, చట్టప్రకారం దత్తత చేసుకోలేదు. వాళ్ల ఇంటిపేరు ఇతని పేరు మధ్యలో చేరింది. అంతేగాని అలన్ వీలునామాలో చిల్లిగవ్వ కూడా దక్కలేదు.

1826లో పో వర్జీనియా విశ్వవిద్యాలయంలో చేరాడు. ఇంటి నుంచి వచ్చే డబ్బు చాలలేదు. దాన్ని పెంచుకుందామని జూదం ఆడి, అప్పుల్లో మునిగి, ఏడాది తిరక్కుండానే చదువు మానేశాడు. మెస్ బిల్లు కట్టే రోజుల్లో ఇంటికి ఫోను చేయడానికి మొహమాటపడే మనబోటి వాళ్లకు ఆ కుర్రవాడి అవస్థ కొంతైనా అర్థమవుతుంది. 1827లో పేరు మార్చుకుని సైన్యంలో చేరాడు. అదే ఏడు తొలి కవితా సంపుటి అచ్చయింది. దాని మీద అతని పేరు లేదు, ఒక బోస్టన్ వాసి రాశాడని మాత్రమే ఉంది. తర్వాత వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో చేరి, 1831లో అక్కడ నుంచి బర్తరఫ్ అయ్యాడు.

1833లో బాల్టిమోర్ పత్రిక ఒకటి పెట్టిన పోటీలో అతని కథకు 50 డాలర్ల బహుమతి వచ్చింది. 1835లో రిచ్‌మండ్‌లోని సదరన్ లిటరరీ మెసెంజర్ పత్రికలో ఉద్యోగం దొరికింది. అక్కడే సమీక్షకుడుగా అతని పేరు మోగింది. ఆ రోజుల్లో న్యూయార్క్ రచయితలు ఒకరి పుస్తకాన్ని ఒకరు ఆకాశానికెత్తుకునేవారు. పత్రికా సంపాదకుడైన థియొడోర్ ఫే రాసిన నవలకు అతని సొంత పత్రికే డప్పు కొడుతుంటే, పో దాన్ని వాక్యం వాక్యం పట్టుకుని చీల్చి చెండాడాడు. అమెరికా ఆదివాసుల చేతిగొడ్డలి పేరు టోమహాక్. పోకి ఆ పేరే పెట్టి పిలవసాగారు.

గొడ్డలితో పాటు అతని చేతిలో తక్కెడ కూడా ఉండేది. 1842లో గ్రాహమ్స్ మ్యాగజైన్‌లో హాథార్న్ కథల పుస్తకాన్ని సమీక్షిస్తూ ఆ తక్కెడను పాఠకుల ముందు పెట్టాడు. చిన్న కథ అరగంట నుంచి రెండు గంటల్లో, ఒక్క కూర్చోడంలో పూర్తికావాలి. ఏ అనుభూతి కలిగించాలో రచయిత ముందే నిశ్చయించుకోవాలి. మొదటి వాక్యం నుంచి ప్రతి మాటా దానికే పని చేయాలి, పని చేయని మాట ఉండకూడదు. ల్యాబులో ఒక్క ఫలితం చూడాలంటే మిగతావన్నీ అదుపులో పెడతాం గదా, అలాంటి పద్ధతే ఇది.

ఇతరులకు చెప్పినదాన్ని తానూ పాటించాడు. అదే 1842లో ఎర్ర చావు అనే మహమ్మారి కథ రాశాడు. ఒక రాజకుమారుడు వెయ్యిమంది మిత్రులతో కోటలాంటి మఠంలోకి చేరి తలుపులు బిగించుకుంటాడు. రోగం మాత్రం విందుకు పిలవకుండానే వస్తుంది. 2020లో గడియ పెట్టుకుని ఇళ్లలో కూర్చున్న మన తరానికి ఆ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు. డికెన్స్ నవల బార్నబీ రడ్జ్‌ను సమీక్షిస్తూ అందులోని కాకిజాతి పక్షిని రచయిత ఇంకా బాగా వాడుకొని ఉండవచ్చన్నాడు. 1845 జనవరిలో ఆ పని తానే చేసి చూపినట్టుగా రేవెన్ అనే కవిత అచ్చువేశాడు. దాంతో దేశమంతా అతని పేరు తెలిసింది.

అతని కథల్లోది జర్మనీ నుంచి తెచ్చుకున్న భయమని కొందరు ఆక్షేపించారు. భయం ఏ దేశానిదీ కాదు, మనిషి ఆత్మలోదేనని 1840 నాటి సంపుటి ముందుమాటలో పో జవాబిచ్చాడు. ఈ మాట నాకు మా పొలంలో రుజువైంది. నా చిన్నప్పుడు మా ఊళ్లో మోటార్లకు కరెంటు రాత్రిళ్లే వచ్చేది. నీళ్లు కట్టడానికి వెళ్లే నాన్నకు తోడుగా టార్చిలైటు పట్టుకుని నేనూ పోయేవాణ్ణి. దారిలో చింతచెట్టు మీద దయ్యముందని ఊరంతా చెప్పుకునేవారు. నాన్న దాని కిందనుంచే నడిచేవాడు, తలెత్తి కూడా చూసేవాడు కాదు. ఆయన భయమల్లా మోటారు కాలుతుందేమోనని, అప్పు తీరదేమోనని. చెట్టు మీద ఏమీ లేదు. ఉన్నదంతా మనిషి లోపలే.

ఆ 1840 సంపుటి రెండు భాగాలు, 750 ప్రతులు వేశారు. రచయితకు ముట్టింది డబ్బు కాదు, 20 ప్రతులు. పండించినవాడికి నాలుగు గింజలు, అమ్మినవాడికి సొమ్ము! ఈ లెక్క రైతుబిడ్డలకు కొత్తదేమీ కాదు.

1836లో పో తన మేనత్త కూతురు వర్జీనియాను పెళ్లాడాడు. అప్పటికి ఆ అమ్మాయికి 13 ఏళ్లే. 1842 జనవరిలో ఆమె పాట పాడుతుండగా నోట్లోంచి నెత్తురు పడింది. అది క్షయ. రాబర్ట్ కాక్ ఆ రోగక్రిమిని కనిపెట్టింది 1882లో. అప్పటికింకా 40 ఏళ్లుంది. మందు లేని రోగంతో అయిదేళ్లు తీసుకుని 1847 జనవరి 30న ఆమె పోయింది. అతని కథల్లో చావు తలుపు దగ్గరే ఎందుకు నిలబడి ఉంటుందో వేరే అడగాలా?

పోలో లోపాలు లేకపోలేదు. తాగేవాడు. లాంగ్‌ఫెలో కవి మీద గ్రంథచౌర్యం నింద మోపి అనవసరంగా రచ్చ చేశాడు. 1849 అక్టోబరు 3న బాల్టిమోర్‌లో ఒళ్లు తెలియని స్థితిలో దొరికి, 7న చనిపోయాడు. వయసు 40. కారణం ఇప్పటికీ తేలలేదు.

అసలు అన్యాయం ఆ తర్వాత జరిగింది. పో విమర్శకు గురైన రూఫస్ గ్రిస్‌వోల్డ్ రెండు రోజులకే మారుపేరుతో ఒక సంతాప వ్యాసం రాసి అతన్ని దుమ్మెత్తిపోశాడు. తర్వాత పో రచనలకు తానే సంపాదకుడై, ఉత్తరాలు సైతం దిద్ది, అతనికి దుర్మార్గుడి రూపం కట్టాడు. ఫ్రాన్సులో బోదలేర్ అనువాదాలు చేసి గౌరవం నిలబెట్టినా, ఆ ఉత్తరాల దొంగ దిద్దుబాట్లు 1941లో క్విన్ రాసిన జీవితచరిత్రతోనే బాగా బయటపడ్డాయి. తొమ్మిది దశాబ్దాలు! రాసిన మనిషి మీద కక్షతో పుస్తకాన్ని తూచితే ఎంతకాలం చేటు చేస్తుందో చూడండి.

మిత్రులారా! భయానక కథ చదివితే సిగ్గుపడి దిండు కింద దాచకండి. చదివాక నలుగురితో చెప్పండి. దడ పుట్టిందా, ఏ వాక్యం దగ్గర పుట్టింది, ఏ మాట వృథాగా పడి ఉంది అని విప్పి చూడండి. రచయిత మనవాడా పరాయివాడా, ఎవరు పొగిడారు, ఎవరు తిట్టారు అన్నది పక్కన పెట్టండి. పో చూపిన తక్కెడ అదే. అతని విషయంలో లోకం వాడకుండా వదిలేసిన తక్కెడ కూడా అదే.